జీపునకు తగిన టైరును ఎన్నుకొనుట ఎట్లు?

ఎద్దును కొనబోవు రైతు కొమ్ముల సొగసు చూచి బయానా ఇయ్యడు. పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అట్టి జాగ్రత్తగల రైతే తన ఫోర్‌వీల్ జీపునకు టైరులు కొనునపుడు మాత్రము, అంగడిలో వ్రేలాడు పెద్ద గ్రిప్పు టైరును చూచి, ఇది బలమైనదని తలచి సొమ్ము చెల్లించి వచ్చుట మేము పలుచోట్ల గమనించుచున్నాము. నాలుగు టైరుల వెల చిన్న కమతపు రైతునకు ఒక పైరు పెట్టుబడిలో మంచిభాగమగును. పైగా ఆ బండి మోయునది మిరప బస్తాలను మాత్రమే కాదు. తోలువాని ప్రాణమును, ప్రక్కన కూర్చున్న ఇంటివారి ప్రాణములను గూడ మోయుచున్నది. కావున ఈ విషయమును సభ్యుల కొరకు కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

మూడు తెగలు

ఇట్టి బండ్ల టైరులు ముఖ్యముగా మూడు తెగలు. తారురోడ్డు కొరకు చేసినది మొదటిది. దానిని హైవే టైరు, లేక ఎచ్.టి. అందురు. దాని గాడులు సన్ననివి, చప్పుడు తక్కువ, డీజిలు ఖర్చు తక్కువ. బురద కొరకు చేసినది మూడవది; అది మడ్ టైరు, లేక ఎమ్.టి. దాని దిమ్మలు పెద్దవి, నడుమ సందులు వెడల్పైనవి. చక్రము తిరుగునపుడు సందులలోని బురద వెలికి చిమ్మబడును. ఈ రెంటికిని నడుమ నుండునది ఆల్ టెరైన్ టైరు, అనగా ఏ.టి. తారురోడ్డు మీదను, కంకర బాటలోను, పొలము డొంకలోను ఒకే టైరు పనిచేయవలెనను కోరికతో పుట్టినది ఇది. అన్నిటికిని పనికివచ్చునది ఏ యొక్క పనిలోను మొదటిది కాజాలదు. ఈ సంగతి మరువరాదు.

నేల చూచి నిర్ణయింపవలెను

మహబూబునగరు, నల్లగొండ ప్రాంతముల చల్క నేలలలోను, అనంతపురము ఎఱ్ఱనేలలలోను, పాడేరు, అరకు కొండబాటల కంకరలోను ఏ.టి. టైరు చక్కగా నడచును. దాని దిమ్మలు రాతికి పట్టునిచ్చును. మందమైన రబ్బరు మొనదేలిన రాళ్లకు కొంత తాళును. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు జిల్లాల నల్లరేగడి తడిసినపుడు మాత్రము కథ వేరు. ఆ మన్ను జిగట. ఏ.టి. టైరు సందులలో అది దట్టముగా క్రమ్ముకొని, గ్రిప్పును పూర్తిగా మూసివేయును. అపుడు నాలుగు చక్రములు తిరిగినను బండి కదలదు. అట్టిచోట ఎమ్.టి. మేలు. కాని అది తారురోడ్డు మీద త్వరగా అరుగును, హోరు పెట్టును, తడిరోడ్డున బ్రేకు వేసినపుడు బండి ఎక్కువ దూరము జారును.

కావున మా సలహా ఇది: ఒక నెలదినములు బండి ఎన్ని కిలోమీటర్లు తారుమీద, ఎన్ని కంకరమీద, ఎన్ని బురదలో నడచెనో వ్రాసికొనుడు. తారే ముప్పాతిక మించినచో ఎచ్.టి. చాలును. సగము సగముగా నున్నచో ఏ.టి. కొనుడు. ప్రతిదినము బురద త్రొక్కవలసినవారికే ఎమ్.టి. ఏడాదిలో పదిదినములు మాత్రము రేగడిలో దిగువారు, ఆ పదిదినములు జీపును డొంక మొదట నిలిపి సరకును ట్రాక్టరుమీద తెచ్చుకొనుట లాభము.

అంకెలు చదువుట

టైరు ప్రక్కగోడపై 215/75 ఆర్ 15 అని యున్నదనుకొందము. 215 అనునది వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. ఆర్ అనగా రేడియల్ కట్టు. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. లెక్కవేసినచో ఈ టైరు మొత్తము ఎత్తు సుమారు 703 మి.మీ. దీనికి బదులు 235/75 ఆర్ 15 వేసినచో ఎత్తు 733 మి.మీ. అగును. బండి నేలనుండి 15 మి.మీ. మాత్రమే పైకి లేచును. కాని మీటరు 50 చూపునపుడు బండి నిజముగా 52 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఇంజనుకు లాగుడు బరువు పెరుగును. చక్రము త్రిప్పినపుడు టైరు మడ్‌గార్డునకు రాయవచ్చును. కావున బండి తయారీదారు అనుమతించిన కొలతను దాటరాదు.

కొలత తరువాత బరువు అంకె యుండును. 100 అనగా ఒక్క టైరు 800 కి.గ్రా., 104 అనగా 900 కి.గ్రా. మోయగలదు. నాలుగు టైరులకు కలిపి లెక్కించి తృప్తిపడరాదు. సరకుబండిలో భారము వెనుక ఇరుసుమీదనే ఎక్కువ. బండి బరువుతో కూడ వెనుక ఇరుసుపై 1,700 కి.గ్రా. పడినచో, 100 అంకెగల రెండు టైరులు 1,600 మాత్రమే మోయును; 104 అంకెగలవి 1,800 మోయును. ఆ నూరు కిలోల లోటే మండువేసవిలో టైరు పగులుటకు కారణమగును. తయారీదారు చెప్పిన అంకెకు తక్కువైన టైరును ఎంత చౌకకు ఇచ్చినను తీసికొనరాదు.

ఎద్దు పండ్లవంటివి టైరుపై నుండు నాలుగు అంకెలు. 2325 అని యున్నచో అది 2025వ సంవత్సరము 23వ వారమున చేయబడినది. రబ్బరు వాడకున్నను ముసలిదగును. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్షింపవలెననియు, పదేండ్లు నిండినదానిని గ్రిప్పు మిగిలియున్నను తీసివేయవలెననియు పెక్కు తయారీదారులు చెప్పుచున్నారు.

నాలుగును ఒక్కటే

ఫోర్‌వీల్ బండికి నాలుగు టైరులును ఒకే కొలత, ఒకే తెగ, ఇంచుమించు ఒకే అరుగుదల గలవి కావలెను. ముందు చక్రములకును వెనుక చక్రములకును ఎత్తులో తేడా యున్నచో, ఫోర్‌వీల్ వేసినపుడు ఆ తేడా అంతయు పండ్ల చక్రముల పెట్టెమీద పడి దానిని విరుచును. లీవరుతో ఫోర్‌వీల్ వేయు బండ్లను ఆరిన తారురోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడపరాదనుటకు గూడ ఇట్టిదే కారణము. ప్రతి 8,000 మొదలు 10,000 కిలోమీటర్లకు టైరులను ముందువెనుకలుగా మార్చినచో అన్నియు సమముగా అరుగును. స్టెప్నీ గూడ అదే కొలతది కావలెను.

గాలియే బలము

1888లో డన్లప్ బెల్‌ఫాస్టు నగరమున తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు చుట్టిననాటినుండి టైరు ధర్మము మారలేదు. బరువును మోయునది గాలి. రబ్బరు దానిని పట్టియుంచును. గాలి తక్కువైన టైరు నలిగి, వేడెక్కి, పగులును. బండి తలుపునొద్ద అంటించిన చీటీలో ఎంత గాలి యుండవలెనో వ్రాసియుండును. ప్రొద్దుట బండి తీయకమునుపు, టైరు చల్లగా నున్నపుడే కొలువవలెను. తీరపు ఇసుకలో దిగబడినచో గాలిని 18, 20 పౌనులవరకు తగ్గించి మెల్లగా నడిపి వెలికి రావచ్చును; కాని రోడ్డెక్కకమునుపే మరల నింపి తీరవలెను.

తుమ్మముల్లు గ్రిప్పు నడుమ దిగినచో పంక్చరు వేయించుకొనవచ్చును. ప్రక్కగోడ తెగినచో ఆ టైరు పని ముగిసినది. దానికి అతుకు లేదు. గాడుల అడుగున చిన్న కట్టలు కట్టియుండును. గ్రిప్పు వానితో సమమైనచో లోతు 1.6 మి.మీ. మాత్రమే మిగిలినదని అర్థము. అటుపిమ్మట వానకాలమున ఆ బండిని రోడ్డెక్కించుట పాపము.

సంఘముల పని

ఒక్కొక్క రైతు ఒక్కొక్క అంగడికి పోయినచో బేరమాడు బలము లేదు. ఒకే కొలత టైరులు కావలసిన సభ్యులు తమ సంఘమున పేర్లు వ్రాయించుకొని కలిసి కొనినచో వెల తగ్గుటయే గాక, తయారైన వారము చూచి తీసికొను హక్కును నిలుపుకొనవచ్చును. రసీదుపై ప్రతి టైరు నంబరును వ్రాయించుకొనుడు. గ్యారంటీ అడుగునపుడు అదియే సాక్ష్యము. ప్రతి సంఘమును కార్యాలయమున గాలి కొలుచు పరికరమొకటి, గ్రిప్పు లోతు కొలుచు పరికరమొకటి ఉంచవలెనని మేము కోరుచున్నాము. వాని వెల స్వల్పము. కోతలకాలము రాకమునుపే సభ్యులు తమ బండ్లను తెచ్చి పరీక్షించుకొందురుగాక.