కొవ్వు కాలేయానికి పసుపు మాత్రలు: ఆహారానికీ, గాఢ సారానికీ గల భేదం

కాలేయ కణాలలో కొవ్వు 5 శాతం మించి చేరిన స్థితిని కొవ్వు కాలేయం అంటారు. ఊబకాయం, మధుమేహం, శారీరక శ్రమ తగ్గడం దీనికి ముఖ్య కారణాలు. మద్యం ముట్టనివారిలోనూ ఇది వస్తుంది. దీని ప్రాధాన్యాన్ని గుర్తించి, 2021లో కేంద్ర ప్రభుత్వం అసాంక్రమిక వ్యాధుల నియంత్రణ జాతీయ కార్యక్రమంలో దీనిని చేర్చింది.

ఈ వ్యాధికి కర్క్యుమిన్ మాత్రలు వాడవచ్చునన్న ప్రచారం విస్తృతంగా సాగుతున్నది. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లపై ఆధారపడిన పసుపు రైతులకు ఇది అదనపు విలువకు మార్గంగా కనిపించడం సహజం. కనుక విస్తరణ శాస్త్రవేత్తలు ఈ విషయంలోని నిజానిజాలు తెలుసుకొని ఉండాలి.

మోతాదులో తేడా

ఎండు పసుపులో కర్క్యుమిన్ సాధారణంగా 2 నుండి 5 శాతం ఉంటుంది. 3 శాతం ఉన్నదనుకుంటే, 3 గ్రాముల పొడిలో లభించేది 90 మిల్లీగ్రాములు మాత్రమే. 95 శాతం గాఢత గల 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి సుమారు 16 గ్రాముల పసుపు పొడికి సమానం. కర్క్యుమిన్‌ను శరీరం స్వల్పంగానే గ్రహిస్తుంది. అందువల్ల అనేక ఉత్పత్తులలో మిరియాల నుండి తీసిన పైపరిన్‌ను కలుపుతారు. పైపరిన్ తోడైతే కర్క్యుమిన్ శోషణ 20 రెట్ల వరకు పెరిగినట్లు 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రకటించారు. కూరలో పసుపు వాడకం తరతరాలుగా నిరపాయమని రుజువైనా, ఆ అనుభవాన్ని ఇటువంటి గాఢ సారానికి వర్తింపజేయరాదు.

ప్రయోజనం, ప్రమాదం

కొన్ని వారాలపాటు జరిగిన చిన్న పరీక్షలలో కర్క్యుమిన్ వాడినవారికి రక్తంలోని కాలేయ ఎంజైములు కొంత తగ్గాయి. అయితే ఎంజైములు తగ్గినంత మాత్రాన కాలేయంలోని మచ్చకణజాలం తగ్గినట్లు కాదు. మిల్క్ థిసిల్ మొక్క నుండి తీసే సిలిమరిన్ విషయమూ ఇంతే. మలేషియాలో 99 మంది రోగులపై 48 వారాలు జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో అది ప్రధాన లక్ష్యాన్ని సాధించలేదు. మచ్చకణజాలంపై కొంత మేలు కనిపించినా, దానిని పెద్ద పరీక్షలతో నిర్ధారించవలసి ఉన్నది.

మరోవైపు, అమెరికాలోని ఔషధజన్య కాలేయ హాని పరిశోధక బృందం పసుపు ఉత్పత్తుల వల్ల హాని కలిగిన 10 కేసులను వివరించింది. వారిలో ఐదుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. ఏడుగురిలో ఒకే రకమైన రోగనిరోధక జన్యురూపం కనిపించింది. దీనిని బట్టి హాని అందరికీ కలగకపోయినా, ఎవరికి కలుగుతుందో వాడకముందు సామాన్యులు గుర్తించలేరని తెలుస్తున్నది.

విస్తరణ కార్యకర్తలు చెప్పవలసినవి

• అధిక బరువు ఉన్నవారు బరువులో 5 శాతం తగ్గితే కాలేయపు కొవ్వు తగ్గుతుంది. 7 నుండి 10 శాతం తగ్గితే వాపు కూడా ఉపశమిస్తుంది. చికిత్సకు పునాది ఇదే.

• వంటలో పసుపు మానవలసిన అవసరం లేదు. గాఢ సారాల మాత్రలను మాత్రం వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

• మాత్రలు వాడుతున్నవారికి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే మాత్రలు ఆపి వైద్యుని సంప్రదించాలి. వాడిన మూలికా ఉత్పత్తుల పేర్లన్నీ ఆయనకు తెలపాలి.

• పసుపు శుద్ధి, విలువ జోడింపు శిక్షణలలో కర్క్యుమిన్ శాతం, నాణ్యత, కల్తీ నివారణ గురించి బోధించాలి. వ్యాధిని నయం చేస్తుందన్న ప్రకటనను లేబులుపై ముద్రించమని ప్రోత్సహించరాదు.

పసుపు రైతుకు స్థిరమైన మార్కెట్ వినియోగదారుని నమ్మకం వల్లనే లభిస్తుంది. నిరూపణ కాని వైద్య గుణాలను ఆపాదిస్తే, ఒక్క దుష్ఫలితం వెలుగులోకి వచ్చినా ఆ నష్టం మంచి పసుపు పండించిన రైతుపై కూడా పడుతుంది.