కరెంటు ఆగిన క్షణాన పుట్టే రవ్వ

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ నా కారు మూడో సిలిండర్ మీది కాయిల్ ఊడదీసి రెండోదాని మీద బిగించాడు. రెండోదాన్ని తెచ్చి మూడోదానికి పెట్టాడు. "స్టార్ట్ చెయ్యండి సార్" అన్నాడు. ఇంజిన్ మునుపటిలాగే మిస్సింగ్ కొడుతోంది. స్కానర్‌లో మాత్రం మూడో సిలిండర్ మిస్సింగ్‌ను చెప్పే పీ0303 కోడ్ పోయి రెండోదాన్ని చెప్పే పీ0302 వచ్చింది. కాయిల్‌తో పాటే జబ్బూ వెళ్లింది, దొంగ దొరికినట్టే. ఒక్క కొత్త పార్టు కొనకుండా తేలిన ఈ పరీక్షంటే నాకు ఎంతో గౌరవం.

కాయిల్ చేసే పని వింటే నమ్మబుద్ధి కాదు. ప్లగ్గు మొన దగ్గర ఖాళీ సుమారు ఒక మిల్లీమీటరు. నొక్కుకుపోయిన పెట్రోలు ఆవిరి, గాలి మధ్య ఆ కాస్త ఖాళీని దాటడం బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల వల్ల కాదు. వేల వోల్టులు కావాలి. అందుకే కాయిల్‌లో ఇనుప గుండె చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకలాంటి సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ రవ్వ రాదు, ఇనుములో అయస్కాంత శక్తి కూడుతుంటుంది. కరెంటును చటుక్కున కోసేస్తే ఆ శక్తి కుప్పకూలి, సన్న తీగలో 20,000 వోల్టులకు పైగా ఎగదన్నుతుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు ఇదే జరుగుతుంది.

ఈ కిటుకును 1836లో పట్టుకున్నవాడు ఐర్లండ్‌లోని మేనూత్ కళాశాలలో పాఠాలు చెప్పిన క్రైస్తవ మతాచార్యుడు నికొలస్ కాలన్. పేరు మాత్రం పారిస్‌లో పనిముట్లు తయారుచేసే రూమ్‌కార్ఫ్‌కు దక్కింది. ఈ తీగచుట్టను బాగా మెరుగుపరిచినందుకు 1864లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అతనికి 50,000 ఫ్రాంకుల బహుమతి కూడా ఇచ్చాడు. కాలన్ పేరు దశాబ్దాల పాటు మరుగున పడిపోవడం నాకు ఇప్పటికీ బాధే. 1860లో లెన్వార్ తయారుచేసిన గ్యాస్ ఇంజిన్‌కు రవ్వనిచ్చింది ఈ తీగచుట్టే. ఫోర్డ్ మోడల్ టీ కారులో సిలిండర్‌కొకటి చొప్పున నాలుగు కాయిళ్లు చెక్కపెట్టెల్లో తేనెటీగల్లా ఝుమ్మనేవి. అమెరికా ఇంజినీరు కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1912 కాడిలాక్‌లో విద్యుత్ స్టార్టర్‌తో జతకట్టింది. ఆ వంశానిదే మన అంబాసిడర్ కాయిల్: గుండ్రటి డబ్బా ఒక్కటే, దాని రవ్వను నాలుగు ప్లగ్గులకూ పంచిపెట్టే డిస్ట్రిబ్యూటర్, అరిగిపోయే పాయింట్లు.

ఒక్క కాయిలే నలుగురికీ వడ్డించాలంటే వేగం పెరిగేకొద్దీ శక్తి నింపుకునే వ్యవధి తగ్గిపోతుంది. అందుకే ఇప్పుడు చాలా కార్లలో ప్లగ్గు నెత్తినే ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. పొడవాటి వైర్ల బెడద తప్పింది గానీ ఇంజిన్ వేడీ అదురూ నేరుగా దానికే తగులుతున్నాయి. తీగల మీది సన్నటి పూత పగులుతుంది, పోత పోసిన ఎపాక్సీ నెర్రెలిస్తుంది.

అయితే చాలాసార్లు కాయిల్ తనంతట తాను చావదు. ప్లగ్గు అరిగి ఖాళీ పెరిగితే రవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ ఒత్తిడికి కరెంటు అడ్డదారి వెతుక్కుంటుంది. ప్లగ్గు గుంతలోకి ఆయిల్ కారినా, తడి చేరినా అదే గతి. అందుకే కాయిల్ ఒక్కటే మార్చి పంపించేయడం సగం వైద్యమని నేనంటాను. చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతుంటే మాత్రం బండిని లాగించకూడదు: మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి, దాన్ని కాల్చేస్తుంది.

మా మెకానిక్ ఆ సంగతి ఎరిగినవాడు. మూడో ప్లగ్గు తీసి ఫీలర్ గేజ్ పెట్టి చూశాడు, ఖాళీ బాగా పెరిగింది. గుంత అడుగున ఆయిల్ జిడ్డు. కవర్ గాస్కెట్ మార్చి, గుంత తుడిచి, నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేసి, కొత్త కాయిల్ రబ్బరు గొట్టం లోపల సిలికాన్ గ్రీజు పూసి నొక్కాడు. ఇంజిన్ నిదానంగా, ఒక్క తీరుగా తిరిగింది. పాత కాయిల్ రబ్బరును ఎండకు పెట్టి చూపించాడు: పై నుంచి కింది దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత, కరెంటు దొంగదారిన పోయిన బాట. దాన్ని పారెయ్యలేదు. కొత్తగా పనిలో చేరిన కుర్రాణ్ణి పిలిచి, "ఇదెక్కడ మొదలైందో వెతుకు" అని చేతిలో పెట్టాడు.