కాంట్రా (వీడియో గేమ్)

కాంట్రా జపాను దేశానికి చెందిన కొనామి సంస్థ రూపొందించిన కాల్పుల వీడియో గేమ్. ఇది 1987లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రంగా వెలువడింది. 1988లో నింటెండో సంస్థ వారి ఫ్యామికామ్ అనే గృహ యంత్రానికి అనువుగా విడుదలైంది. 1990వ దశకంలో టీవీకి తగిలించి ఆడే చౌక యంత్రాల ద్వారా ఇది భారతదేశంలోని పిల్లలకు, వారితో పాటు తెలుగు పిల్లలకు పరిచయమైంది. ఆ తరంవారిలో చాలామందికి వీడియో గేమ్ అనగానే మేరియోతో పాటు గుర్తుకు వచ్చే పేరు ఇదే. మొదటి నుంచి చివరి వరకు తుపాకుల మోతతో సాగే ఈ ఆట ఇంతగా ఆకట్టుకోవడానికి హింస ఒక్కటే కారణం కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు కనిపెట్టుకుంటూ ఆడవలసిన తీరు అంతకంటే ముఖ్యమైన కారణం.

కథ

బిల్ రైజర్, లాన్స్ బీన్ అనే ఇద్దరు సైనికులు ఇందులో కథానాయకులు. భూమిని ఆక్రమించడానికి వచ్చిన గ్రహాంతర శత్రువులను, వారికి తోడ్పడే సైన్యాన్ని వీరు ఎదిరిస్తారు. జపాను ప్రతిలో కథ 2633వ సంవత్సరంలో, న్యూజీలాండు సమీపంలోని గలూగా అనే కల్పిత దీవులలో జరుగుతుంది. అమెరికా ప్రతిలో దీనిని దక్షిణ అమెరికా అడవులకు మార్చారు. ఆడే పిల్లలకు ఈ కథ తెలియకపోయినా లోటు ఉండదు. తెర కుడివైపునకు సాగడం, ఎదురుపడిన వారిని కాల్చడం అనే రెండు సంగతులు మొదటి నిమిషంలోనే అర్థమవుతాయి.

ఆడే విధానం

గృహ యంత్రపు ప్రతిలో ఎనిమిది అంకాలు ఉన్నాయి. అడవితో మొదలై శత్రు స్థావరాలు, జలపాతం, మంచు మైదానం మీదుగా సాగి గ్రహాంతర జీవి గుహలో ఆట ముగుస్తుంది. స్థావరాల అంకాలలో సైనికుడు వెనుక నుంచి కనిపిస్తూ తెర లోపలికి నడుస్తాడు. ఒక మీట ఎగరడానికి, మరొకటి కాల్చడానికి ఉపయోగపడతాయి. గాలిలో ఎగిరివచ్చే గుళికలను పగులగొడితే కొత్త ఆయుధాలు లభిస్తాయి. వీటిలో 'ఎస్' అక్షరం గల స్ప్రెడ్ గన్ విసనకర్ర ఆకారంలో ఒకేసారి అనేక తూటాలు విడుస్తుంది. అందరూ కోరుకునేది దీనినే.

ఆటగానికి మొదట మూడు ప్రాణాలు మాత్రమే ఉంటాయి. ఒక్క తూటా తగిలితే ఒక ప్రాణం పోతుంది, సంపాదించుకున్న ఆయుధం కూడా పోతుంది. ఆటను మధ్యలో భద్రపరచుకునే వీలు లేదు. కనుక ఏడవ అంకంలో ఉండగా కరెంటు పోతే మళ్ళీ అడవి నుంచే మొదలు పెట్టాలి. వేసవి సెలవులలో కరెంటు కోతల మధ్య ఆడిన పిల్లలకు ఇది ఆటలోని శత్రువుల కంటే పెద్ద శత్రువు.

ముప్పై ప్రాణాల కిటుకు

ఆట ఆరంభంలో కనిపించే తెరపై పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ అనే వరుసలో మీటలు నొక్కితే మూడుకు బదులు ముప్పై ప్రాణాలు లభిస్తాయి. కొనామి ఉద్యోగి కజుహిసా హషిమోటో 1986లో గ్రేడియస్ అనే ఆటను పరీక్షించేటప్పుడు, అది తనకే కష్టంగా ఉండటంతో ఈ తరహా వరుసను అందులో చేర్చాడు. హషిమోటో 2020లో మరణించాడు. పుస్తకాలు, అంతర్జాలం అందుబాటులో లేని రోజులలో ఇటువంటి కిటుకులు పిల్లల మధ్య నోటిమాటగానే వ్యాపించాయి.

తెలుగు నాట

ఫ్యామికామ్‌ను అనుకరించి తయారైన యంత్రాలు మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో భారతదేశంలో అమ్ముడయ్యాయి. ఆటలుండే ప్లాస్టిక్ పెట్టెను పిల్లలు 'క్యాసెట్' అనేవారు. ఒకే క్యాసెట్‌లో వందలు, వేల ఆటలున్నట్లు పైన ముద్రించినా, లోపల ఉన్నవి కొన్ని మాత్రమే. అవే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. యంత్రం కొనలేనివారు పట్టణాలలోని వీడియో గేమ్ దుకాణాలలో గంటకు ఇంత అని చెల్లించి ఆడేవారు. ఆడేవారు ఇద్దరైతే వెనుక నిలబడి చూసేవారు నలుగురు ఉండేవారు.

ఆకర్షణకు కారణాలు

ఈ ఆటలో తోటివాని తూటా మనకు తగలదు. అందువలన ఇద్దరూ నిర్భయంగా కలిసి కాల్చవచ్చు. కానీ తోటివానికి హాని చేసే మార్గం మరొకటి ఉంది. మూడవ అంకమైన జలపాతంలో తెర పైకి మాత్రమే జరుగుతుంది. తొందరపడి ఒకడు పైకి ఎక్కితే కింద మిగిలినవాడు తెర దాటిపోయి ప్రాణం కోల్పోతాడు. దీనిని ఒకసారి అనుభవించిన అన్నదమ్ములు "ఆగరా, నేనూ వస్తున్నా" అనడం, ఆగడం రెండూ నేర్చుకుంటారు. నేర్పున్నవాడు నేర్పులేనివాని కోసం మెట్టు మెట్టుకూ నిలవవలసి వస్తుంది. గాలిలో వచ్చిన మంచి ఆయుధాన్ని తాను తీసుకోవాలా, బలహీనుడికి వదలాలా అన్నది కూడా ఇద్దరూ తేల్చుకోవలసిన విషయమే.

రెండవ కారణం ఆటలోని న్యాయం. శత్రువులు వచ్చే చోట్లు చాలావరకు ప్రతిసారీ అవే. ఓడినవానికి తన తప్పు ఎక్కడో తెలుస్తుంది. అభ్యాసం చేసినవాడు మొత్తం ఆటను అరగంటలోపే ముగించగలడు.

హింస గురించి

తుపాకులతో ఆడే ఆటలు పిల్లలను చెడగొడతాయన్న ఆందోళన తల్లిదండ్రులలో, ఉపాధ్యాయులలో సహజం. కాంట్రాలో రక్తం కనిపించకపోయినా కాల్చడం తప్ప వేరే మార్గం లేదన్నది నిజమే. ఈ విషయంలో ఐరోపా ఉదాహరణ గమనించదగినది. జర్మనీలో బాలలకు హానికరమైన వాటిపై ఉన్న కఠిన నియమాలను దృష్టిలో ఉంచుకుని, 1990లో అక్కడ విడుదలైన ప్రతిలో మనుషులందరినీ మరమనుషులుగా మార్చి, పేరును ప్రోబొటెక్టర్ అని పెట్టారు. అడవి, జలపాతం, ఆయుధాలు మాత్రం మారలేదు. అదే పేరుతో 1992లోను, 1994లోను తరువాతి ఆటలు కూడా అక్కడ వెలువడ్డాయి. మనుషులు లేకపోయినా ఆట నిలిచిందంటే, దాని బలం చంపడంలో కాక ఆడే తీరులో ఉందని చెప్పవచ్చు. అయినా ఏ వయసువారు ఎంతసేపు ఆడాలన్నది పెద్దలు నిర్ణయించవలసినదే.

అనిమే ప్రభావం

తొలి కాంట్రాలోని బొమ్మలపై హాలీవుడ్ చిత్రాల ప్రభావం ఎక్కువ. తరువాతి ఆటలలో జపాను కార్టూన్ శైలి అయిన అనిమే పోకడ ప్రవేశించింది. దూరదర్శన్‌లో ప్రసారమైన జంగిల్ బుక్ ధారావాహిక ద్వారా మన పిల్లలు అప్పటికే ఈ శైలిని, అది జపానుదని తెలియకుండానే, చూసి ఉన్నారు. 1994 నాటి కాంట్రా: హార్డ్ కోర్‌లో తోడేలు మనిషి, చిన్న మరమనిషి వంటి పాత్రలు ఉన్నాయి. కొనామిని విడిచిన కొందరు 1992లో ట్రెజర్ అనే సంస్థను స్థాపించి, 1993లో గన్‌స్టార్ హీరోస్, 2000లో నింటెండోతో కలిసి సిన్ అండ్ పనిష్‌మెంట్ అనే కాల్పుల ఆటలను రూపొందించారు.

తరువాతి కాలం

కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత పాత యంత్రాలు, వాటితో పాటు గంటల లెక్కన ఆడించే దుకాణాలు తగ్గిపోయాయి. కొనామి 2019లో పాత ఆటలను ఒక సంకలనంగా తిరిగి విడుదల చేసింది. 2024లో తొలి ఆట కథ ఆధారంగా కాంట్రా: ఆపరేషన్ గలూగా వెలువడింది. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడే సదుపాయాన్ని అందులోనూ ఉంచారు.