గుర్తు చెబితే వివరం తీసిచ్చే పెట్టె – డీబీఎం



కంప్యూటరు మీద వ్యాసం అంటే మనందరం మానిటరు, కీబోర్డు, మౌస్ బొమ్మలు వేసి బాణం గుర్తులు పెడతాం. ఈసారి బొమ్మలో కనిపించని సంగతి రాస్తున్నాను. మనం ఇచ్చిన వివరాలను ప్రోగ్రాము ఎక్కడ దాచుకుంటుంది? అడగ్గానే ఎలా తీసిస్తుంది?

దీనికి చాలా పద్ధతులున్నాయి. వాటిలో చిన్నది, తొందరగా అర్థమయ్యేది డీబీఎం. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ దీన్ని రాశారు. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో పాటు ఇది బయటికొచ్చింది. యూనిక్స్‌ను తయారుచేసిన ముఖ్యుల్లో కూడా ఆయన ఒకరు.

కీ, విలువ

డీబీఎంలో ఉండేవి రెండే: కీ, దాని విలువ. కీ అంటే ఇక్కడ తాళంచెవి కాదు, గుర్తు. మన ట్రంకు పెట్టె మీద పెయింటుతో రాసిన నంబరు కీ అనుకోండి, లోపల ఉన్న సామాను విలువ. ఆ సామాను బట్టలా, పుస్తకాలా అని డీబీఎం అడగదు. ఇచ్చిన బైట్లను అలాగే దాచి, అలాగే తిరిగిస్తుంది.

పెద్ద డేటాబేసులకు సర్వర్ అని వేరే ప్రోగ్రాము ఉంటుంది. అది స్టోర్ రూము లాంటిది. చీటీ పంపాలి, లోపలివాళ్ళు తీసివ్వాలి. డీబీఎం అలా కాదు, మన మంచం కింద ట్రంకు పెట్టె లాంటిది. అది మన ప్రోగ్రాములోనే కలిసిపోయి ఉంటుంది, వివరాలు పక్కనే ఫైల్లో ఉంటాయి. అందుకే ఇలాంటి వాటిని ఎంబెడెడ్ డేటాబేస్ అంటారు.

అడిగే మాటలు

ప్రోగ్రాము దీంతో మాట్లాడటానికి కొన్ని మాటలే ఉన్నాయి. వాటినే ఇంటర్‌ఫేస్ అంటారు. మెస్ కిటికీ దగ్గర కంచం చాపితే అన్నం వస్తుంది. లోపల గ్యాసు మీద వండారా, కట్టెల మీద వండారా మనకు తెలియక్కర్లేదు. ఇదీ అంతే. మొదటి డీబీఎంలో ఉన్న మాటలు ఇవి:

1. డీబీఎంఇనిట్ – ఫైళ్ళు తెరువు.
2. స్టోర్ – ఈ కీ కింద ఈ విలువ పెట్టు.
3. ఫెచ్ – ఈ కీ కింద ఉన్నది ఇవ్వు. ఏమీ లేకపోతే లేదని చెబుతుంది.
4. డిలీట్ – ఈ కీని, దాని విలువను తీసేయి.
5. ఫస్ట్‌కీ, నెక్స్ట్‌కీ – మొదటి కీ చెప్పు, తర్వాతది చెప్పు. అన్నీ ఒకసారి చూడాలంటే ఇవి వాడాలి.

అంత త్వరగా ఎలా?

వెయ్యి పేర్ల రిజిస్టరులో ఒక పేరు కోసం మొదటి పేజీ నుంచి వెతికితే పొద్దు పోతుంది. డీబీఎం అలా వెతకదు. కీ మీద ఒక లెక్క వేసి ఏ అరలో ఉందో ముందే తెలుసుకుంటుంది. ఆ లెక్క పేరు హాష్. ఉదాహరణకు పది అరలున్నాయి, నంబరులో చివరి అంకె చూసి అర ఎంచుకుంటాం అనుకోండి. 2347 నంబరువాడి కాగితం ఏడో అరలో ఉంటుంది. మిగిలిన తొమ్మిది అరల జోలికి పోనక్కర్లేదు.

మరి ఏడో అర నిండిపోతే? ఆ అరను మాత్రం విడగొట్టి, అక్కడ చివరి రెండు అంకెలు చూస్తాం. కంప్యూటరుకు 0, 1 రెండే అంకెలు కాబట్టి నిండిన అర రెండుగా చీలుతుంది. ఏ అర చీలిందో డిర్ అనే ఫైల్లో, అసలు వివరాలు పాగ్ అనే ఫైల్లో ఉంటాయి. అందుకే ఎంత పెద్ద పట్టికైనా, ఒకటి రెండుసార్లు డిస్కు ముట్టుకుంటే సరిపోతుంది.

ఈ పద్ధతి వల్లనే కొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి. కీలు వరుసగా రావు, హాష్ లెక్క ఎలా పడితే అలా వస్తాయి. మొదటి డీబీఎంలో ఒక కీ, దాని విలువ కలిపి 512 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం గానీ, గుణింతం గుర్తు గానీ ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. అంటే 170 గుర్తులకే ఆ హద్దు వచ్చేస్తుంది. విశేషమేమిటంటే ఆ యూటీఎఫ్-8ని 1992లో రూపొందించిన ఇద్దరిలో ఒకరు ఈ కెన్ థాంప్సనే, రెండోవారు రాబ్ పైక్. ఇంకో ఇబ్బంది, ఇద్దరు ఒకేసారి రాయకుండా ఆపే తాళం కూడా మొదటి డీబీఎంలో లేదు.

అసలు జాగ్రత్త ఇక్కడ

సిక్ రూము రిజిస్టరును డీబీఎంలో పెట్టామనుకోండి. కీగా పేరు పెట్టాం. "లక్ష్మి" కింద "సికిల్ సెల్ ఉంది, నొప్పి అంటే వెంటనే ఆసుపత్రికి" అని దాచాం. వారం తర్వాత ఇంకో లక్ష్మి చేరింది. ఆమెకు "ఏ జబ్బూ లేదు" అని స్టోర్ చేశాం. ఏమవుతుంది? అదే కీ కాబట్టి పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. హెచ్చరిక రాదు, ఎర్ర అక్షరాలు రావు. ఒక రాత్రి మొదటి లక్ష్మి కీళ్ళ నొప్పులతో ఏడిస్తే, రిజిస్టరు చూసినవాళ్ళు ఒళ్ళు నొప్పులే అనుకొని పడుకోమంటారు. సికిల్ సెల్ నొప్పిని అలా వదిలేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మన గూడేల్లో తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి పెట్టే ఇళ్ళు చాలా. ఇంటిపేరూ పేరూ రెండూ కలిసేవాళ్ళు కూడా ఉంటారు. కాబట్టి ఇది మనకు ఊరికే చెప్పే ఉదాహరణ కాదు. ఇందులో డీబీఎం తప్పు ఏమీ లేదు. పెట్టమన్నది పెట్టింది. లక్ష్మి అనే మాట వెనక ఇద్దరు మనుషులున్నారని దానికెలా తెలుస్తుంది?

1986లో బర్క్‌లీ యూనిక్స్ వాళ్ళు ఎన్‌డీబీఎం అని కొత్తది తెచ్చారు. మొదటిదానిలో ఒకసారికి ఒక డేటాబేసే తెరవగలం, ఇందులో చాలా తెరవచ్చు. అంతకన్నా ముఖ్యం, స్టోర్ చేసేటప్పుడు ఇన్సర్టా, రీప్లేసా చెప్పాలి. రీప్లేస్ అంటే పాతది మార్చేయి. ఇన్సర్ట్ అంటే కొత్తదైతేనే పెట్టు. ఆ కీ ముందే ఉంటే పాతదాన్ని ముట్టుకోకుండా 1 అనే జవాబు ఇస్తుంది. అయితే ఆ జవాబును ప్రోగ్రాము రాసేవాళ్ళు చూడాలి. చూడకపోతే పాతది మిగులుతుంది గానీ, కొత్త పిల్ల వివరం ఎక్కలేదని ఎవరికీ తెలియదు.

ఇప్పటి పైథాన్ భాషలో కూడా డీబీఎం అనే పేరుతోనే మాడ్యూలు ఉంది. అందులో చదరపు బ్రాకెట్లో కీ రాసి, సమానం గుర్తు పెట్టి విలువ రాస్తే చాలు. అదీ పాత విలువను చెప్పకుండానే మార్చేస్తుంది. కాబట్టి ఆ కీ ముందే ఉందా అని అడిగి తర్వాత రాయాలి.

అన్నిటికన్నా మంచి మందు, కీగా పేరు పెట్టకపోవడం. అడ్మిషన్ నంబరు పెట్టాలి. అది ఒకరికి ఇచ్చాక ఇంకొకరికి ఇవ్వరు. పేరు విలువలో ఉంటుంది. కంప్యూటరుకే కాదు, కాగితం రిజిస్టరుకూ ఇదే పద్ధతి. వార్డెన్ సార్లకు, మేడములకు నా మనవి ఒకటే. సిక్ రూము రిజిస్టరులో మొదటి గడి అడ్మిషన్ నంబరుకు ఇవ్వండి, పేరు రెండో గడిలో రాయించండి.

సందేహాలున్నవాళ్ళు స్టడీ అవరు అయ్యాక అడగండి. తెలిసినంత చెబుతాను.