వీధి చిరుతిండ్లు – తీసికొనవలసిన జాగ్రత్తలు

ఢిల్లీ నగరపు నైరృతి భాగముననున్న వసంత్ కుంజ్‌లో ప్రొద్దుగ్రుంకగనే బజారులందు గోల్‌గప్పాలు, ఆలూ టిక్కీలు, మోమోలు అమ్ముదురు. తెలుగునాట మిరపకాయ బజ్జీల బండివలెనే యివియు జనుల నాకర్షించును. బండివద్ద తినుట దోషము కాదు. అయితే దేనిని తినవచ్చునో, దేనిని విడువవలెనో యెఱుగుట మేలు.

కంటియెదుట వేగిన టిక్కీ, అప్పుడే ఆవిరినుండి దించిన మోమో అంతగా అపాయకరములు కావు. ఏలనన, తగిన వేడికి క్రిములు నశించును. గోల్‌గప్పా సంగతి వేఱు. పూరీ వేగినదే యైనను, దానిలో నింపు పుదీనా నీరు సాధారణముగా కాచినది కాదు. ఆ నీటివలనను, అమ్మువాని చేతులవలనను టైఫాయిడ్, కలరా, కామెర్లు వ్యాపింపవచ్చును. చింతపండు పులుపు క్రిములను చంపునని నమ్మరాదు. మంచుగడ్డలోను క్రిములు బ్రతికియుండును.

1955-56 శీతకాలమున మురుగు కలిసిన యమునా జలమువలన ఢిల్లీలో సుమారు 29,000 మందికి కామెర్లు సోకెను. అట్టి కామెర్లు గర్భిణులకు ప్రాణాపాయము కలిగింపవచ్చును. కావున నీరు తేటగా నున్నంతమాత్రమున శుద్ధమని తలంపరాదు.

వండి చాలసేపు నిలువయుంచిన పదార్థములను, ముందుగా కోసియుంచిన పండ్లను విడువవలెను. తినుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. విరేచనములైనచో ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై చెప్పిన కొలత శుద్ధజలములో కలిపి, మాటిమాటికి త్రాగింపవలెను. రక్తము పడినను, బిడ్డ మగతగా నున్నను ఆలసింపక వైద్యుని చూడవలెను.