మెచ్చుకోవడానికి రిటైరయ్యేదాకా ఆగాలా?

మన ఆఫీసుల్లో ఒక మనిషి గురించి నాలుగు మంచి మాటలు వినాలంటే ఆయన పదవీ విరమణ సభకు వెళ్లాలి. శాలువా, పూలదండ, వెంకటేశ్వరస్వామి పటం, వేదిక మీద భార్యకూ ఒక కుర్చీ. చిన్న సెలవు చీటీ మీద సంతకానికి పదిసార్లు తిప్పించుకున్న అధికారే మైకు అందుకుని ‘వీరు లేని లోటు తీరనిది’ అంటాడు. ఆ లోటు సంగతి నిన్నటిదాకా ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగరు. సన్మానం రోజున అడగకూడదు కూడా.

ఉద్యోగంలో ఉండగా మెచ్చుకోవడానికి మనకు జనవరి 26, ఆగస్టు 15 ఉన్నాయి. జిల్లా కేంద్రంలో జెండా వందనం అయ్యాక ఉత్తమ ఉద్యోగుల పేర్లు పిలుస్తారు. ఒక్కొక్కరే వచ్చి కలెక్టరు చేతుల మీదుగా ప్రశంసా పత్రం అందుకుని, కెమెరా వైపు ఒకసారి చూసి దిగిపోతారు. పేరు, హోదా మారతాయి గానీ పత్రంలోని మిగతా వాక్యాలు అందరికీ ఒకటే. గాలివాన రాత్రి లైన్‌మన్ ఏ స్తంభం ఎక్కాడో, కాన్పుల వార్డులో నర్సు ఎంతమందిని ఒంటిచేత్తో చూసుకుందో అందులో ఉండదు. పేర్లు పంపేది పై అధికారులే కాబట్టి, చప్పట్లు ఆగకముందే వెనక వరుసలో గుసగుస మొదలవుతుంది: ‘ఈసారి వంతు ఈయనదా?’

ఆర్టీసీ డిపోలో లెక్క వేరు. అక్కడ కేఎంపీఎల్ అంటే తెలియని డ్రైవరు ఉండడు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్నది రోజూ తేలే అంకె. ప్రమాదం చేయకుండా ఎన్నేళ్లు నడిపాడన్నది మరొకటి. వీటిని చూసి ఇచ్చే అవార్డును తోటి డ్రైవర్లు తేలిగ్గా కొట్టిపారేయలేరు. అయినా అంకె ఒక్కటే చాలదు. పాత బండి ఎవరికి పడింది, గుంతల రూటు ఎవరికి వచ్చింది అన్నది చూడకుండా కేఎంపీఎల్ జాబితా అంటిస్తే, మంచి బండి దొరికినవాడే మంచి డ్రైవరు అవుతాడు.

అదే ఆర్టీసీలో, తెలంగాణలో, 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె యాభై రోజులు దాటింది. కార్మికుల ప్రాణాలు పోయాయి. చివరికి డిసెంబరు 1న డిపోకు అయిదుగురు చొప్పున కార్మికులను ముఖ్యమంత్రి ప్రగతి భవన్‌కు భోజనానికి పిలిచారు. విందు సంగతి అటుంచితే, ఆ రోజు వచ్చిన హామీలు చూడండి: మహిళా ఉద్యోగులకు రాత్రి 8 గంటల్లోపే డ్యూటీ ముగించాలి, డిపోల్లో వాళ్లకు మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు ఉండాలి. రోజంతా బస్సులో నిలబడే మనిషికి ఇవి కావాలని తెలియడానికి అంత సమ్మె జరగాల్సి వచ్చింది. పనిని గమనించేవాళ్లు ముందే ఉండుంటే అది డిపో మేనేజరు స్థాయిలో తేలిపోయే విషయం.

సింగరేణిలో మెచ్చుకోలు రూపాయల్లో వస్తుంది. దసరా దగ్గర పడితే బొగ్గుబావుల మీద ఒకటే మాట: లాభాల వాటా ఎంత? ఎవరికి ఎన్ని మస్టర్లు పడ్డాయన్నది చూసి పంచుతారు. అండర్‌గ్రౌండులోకి దిగేవాళ్లకు, ఓపెన్‌కాస్టులో పనిచేసేవాళ్లకు, ఉపరితలం వాళ్లకు వేరువేరు రేట్లు. నేల లోపలి పని బరువును అంకెల్లోనే ఒప్పుకున్న పద్ధతి ఇది, నాకు నచ్చుతుంది. 2023-24 లాభాల్లో విస్తరణ కోసం పక్కన పెట్టింది పోను మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు పంచారు. సగటున తలకు లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకూ ఆ ఏడాది తొలిసారి ఇచ్చారు, తలకు 5 వేలు. బొగ్గు దుమ్ము మాత్రం ఇద్దరికీ ఒకటే.

పర్మినెంటుకూ కాంట్రాక్టుకూ మధ్య ఈ గీత హైటెక్ సిటీలోనూ ఉంది. దీపావళి డ్రైఫ్రూట్స్ డబ్బా మెడలోని ఐడీ కార్డు తాడు రంగును బట్టి అందుతుంది. సెక్యూరిటీ గార్డూ, హౌస్‌కీపింగ్ అక్కా ‘వెండర్ మనుషులు’. ఇక ఉద్యోగులకు స్పాట్ అవార్డులు, పోర్టల్‌లో బ్యాడ్జీలు, పాయింట్లు బోలెడు. అర్ధరాత్రి సర్వరు పడిపోతే లాగ్‌లు తిరగేసి తప్పు ఎక్కడుందో కనిపెట్టింది ఫలానా అమ్మాయి అని మర్నాడు క్లయింట్ కాల్‌లో పేరు పెట్టి చెప్పే మేనేజరు మాత్రం అరుదు. ఆ ఒక్క మాట ముందు బ్యాడ్జీ దేనికి పనికొస్తుంది?

మాటకు ఉన్న బలాన్ని ఆడమ్ గ్రాంట్, ఫ్రాంచెస్కా గినో 2010లో అచ్చయిన పరిశోధనలో కొలిచారు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల్లో కొందరి దగ్గరికి డైరెక్టరు స్వయంగా వచ్చి కృతజ్ఞతలు చెప్పింది. తర్వాతి వారం వాళ్లు చేసిన కాల్స్ 50 శాతానికి పైగా పెరిగాయి. ఆమె కలవనివాళ్ల కాల్స్ పెరగలేదు. పైసా ఖర్చు లేని పని కాబట్టి యాజమాన్యాలకు ఈ ప్రయోగం మహా ఇష్టం. చట్టం ప్రకారం ఇచ్చి తీరాల్సిన 8.33 శాతం కనీస బోనస్‌నే పండగ కానుకలా ప్రకటించే చోట, ఉత్త థాంక్యూకు ఎంత గిరాకీ ఉంటుందో ఊహించుకోవచ్చు.

కరోనా తొలినాళ్లలో, 2020 మార్చి 22 సాయంత్రం, మనమంతా బాల్కనీల్లో చప్పట్లు కొట్టాం. ఆ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలకు 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది. ఆ తర్వాత కూడా తెలంగాణ ఆశాలు నెలకు 18 వేల స్థిర వేతనం అడుగుతూ రోడ్డెక్కుతూనే ఉన్నారు.