రౌడీ షీట్ ఎవరు తెరుస్తారు? కేసు కొట్టేసినా పేరెందుకు ఉండిపోతుంది?

నరసాపురం: ఎన్నికలొస్తే చాలు.. స్టేషన్లలో రౌడీ షీటర్లకు కౌన్సెలింగ్. సంక్రాంతి దగ్గరపడితే కోడిపందేల నిర్వాహకులకు తహసీల్దార్ ముందు బైండోవర్. గోదావరి జిల్లాల్లో ఏటా చూసేదే. కానీ ఈ రెండూ ఒకటి కాదు.

బైండోవర్ అంటే?
గొడవ జరగకముందే పూచీకత్తు రాయించుకోవడం. ఇది చట్టంలోనే ఉంది. ఒకప్పుడు సీఆర్‌పీసీ 107, 110 సెక్షన్లు.. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 126, 129. దీనికి గడువు ఉంటుంది. మన వాదన చెప్పుకునే వీలుంటుంది.

మరి రౌడీ షీట్?
ఇది కోర్టు వేసే శిక్ష కాదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ 601 కింద, డీఎస్పీ లేదా ఎస్పీ ఆదేశాలతో స్టేషన్‌లో తెరిచే ఫైల్. కేసు కొట్టేసినంత మాత్రాన దానంతటదే మూతపడదు. గల్ఫ్ వెళ్లాలనుకునే కుర్రాడికి పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ దగ్గర చిక్కు రావచ్చు. ఇక ప్రభుత్వం మారిన ప్రతిసారీ ‘కక్షతోనే షీట్ తెరిచారు’ అనే ఆరోపణ మామూలే.

మూలం ఎక్కడ?
తెల్లదొరల కాలంలో. 1911 నేరస్థ తెగల చట్టంతో కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్థుల ముద్ర వేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. నిఘా మాత్రం పోలేదు. 1962లో రాష్ట్రంలో అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చింది.

ఇది మన ఒక్కరి కథే కాదు. బ్రిటిష్ వాళ్లు ఏలిన ఆఫ్రికా దేశాల్లోనూ ‘దేశదిమ్మరి’ చట్టాలు స్వాతంత్య్రం తర్వాత కొనసాగాయి. మలావీ హైకోర్టు 2017లో అలాంటి సెక్షన్‌ను కొట్టేసింది.

కోర్టులు ఏమన్నాయి?
* 1962: ఖరక్ సింగ్ కేసు. నిఘా పేరుతో రాత్రిపూట ఇళ్లకు వెళ్లడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది.
* 2022: స్టాండింగ్ ఆర్డర్స్‌కు చట్టబలం లేదని ఏపీ హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు. తర్వాత వ్యవహారం అప్పీలుకు వెళ్లింది.
* 2024: హిస్టరీ షీట్ పోలీసుల అంతర్గత రికార్డేనని, బయటపెట్టొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. బీసీ, ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాల వాళ్లన్న కారణంతో అమాయకుల పేర్లు ఎక్కించొద్దని రాష్ట్రాలకు సూచించింది.

పేరుంటే ఏం చేయాలి?
కేసు కొట్టేసిన తీర్పు కాపీలతో షీట్ మూసేయమని ఎస్పీకి అర్జీ పెట్టుకోవాలి. స్పందన లేకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. అర్జీకి రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు. శాంతిభద్రతలు కావాల్సిందే.. కానీ నేరం తేల్చాల్సింది కోర్టు, స్టేషన్ ఫైల్ కాదు.